రెండు రాగి పోగులు

మొన్న చిత్తూరు నుంచి తోతాపురి లోడుతో బెంగళూరు పోతుంటే మొగిలి ఘాట్‌లో బండికి లాగే బలం చచ్చిపోయింది. ఇంజిన్ లైటు వెలిగింది, వెనకాల నల్ల పొగ, రెండో గేరులో పాక్కుంటూ ఎక్కా. కాయలు దించి, పలమనేరులో స్కానర్ పెట్టిస్తే ఈజీఆర్ (పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ఎంత తెరుచుకుందో చెప్పే పొజిషన్ సెన్సార్‌లో తేడా అని కోడ్. వాల్వు మొత్తం మార్చాలన్నారు. కోడ్ అంటే ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని, పార్టు పోయిందని కాదు, ఎవరు వింటారు!

చిత్తూరొచ్చి మా ఎలక్ట్రీషియన్ అన్నకు చూపించా. ఆయన ముందు వాల్వు జోలికే పోలేదు, ప్లగ్గు ఊడదీసి, తాళం ఆన్ చేయించి మీటర్ పెట్టాడు. 5 వోల్టులు వస్తున్నాయి, ఎర్తు బాగుంది. సిగ్నల్ వైరు పట్టుకుని వెనక్కి పోతే, బ్రాకెట్ అంచుకు రాసుకుని తొడుగు తెగి, రాగి పచ్చబడి, రెండే పోగుల మీద వేలాడుతోంది.

"చూడు సామీ, దీనికా అంత డబ్బు పెట్టబోయింది?"

వైరు అతికించి స్లీవ్ వేశాడు, కోడ్ చెరిపాక మళ్ళీ రాలేదు. పనిలో పనిగా వాల్వు విప్పి గీకితే టీ గ్లాసుడు మసి. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపి మంట వేడి తగ్గించే పార్టు కదా, మసి పట్టక ఏం చేస్తుంది. చేతుల నలుపు ఇంకా వదల్లేదు.