కోయంబత్తూరులో రోలే తిరుగుతుంది

సికింద్రాబాదులో మధ్యాహ్నం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున కోయంబత్తూరు. మనవాళ్ళు అక్కడ దిగేది ఊటీ కోసమే. మేం మాత్రం ఆ ఊళ్ళోనే మోటార్లూ గ్రైండర్లూ చేసే ఆవారంపాళయం వెళ్ళాం. చూసేందుకు అక్కడ ఏమీ లేదు. రేకుల షెడ్లు, లేతు మిషన్ల రొద, సందు మొదట్లోనే ముక్కుకి తగిలే వార్నీషు వాసన. ఊటీ చూపించలేదని ఇంట్లో అలక ఇంకా తీరలేదు.

స్టేషన్ బయట ఆటో 250 అడిగాడు. మన దగ్గర అడిగినట్టే అడిగాడు గానీ ప్రతి మాట చివరా మన ‘అండి’లాంటి ఓ ‘ంగ’ తగిలించాడు: ‘వాంగ, సొల్లుంగ, ఉక్కారుంగ.’ కోయంబత్తూరు వైపు సీమని కొంగునాడు అంటారు, ఆ సీమ మర్యాద అది. మర్యాదకి డబ్బులిచ్చినట్టయింది. గాంధీపురం వెళ్ళి టౌన్ బస్సెక్కితే అందులో పదో వంతు కూడా కాదు.

పని ఒక్కటే, రెండు లీటర్ల గ్రైండరు కొనాలి. హైదరాబాదులో దొరకదా అంటే దొరుకుతుంది. ఈ ఊరి గ్రైండరుకి 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కోసం కదిలారు, అదీ వచ్చింది. బందరు లడ్డుకీ పోచంపల్లి చీరకీ ఉన్నట్టు రోలుకి కూడా గుర్తింపా అనిపించింది. కొంత దానికోసం వచ్చాం. తీరా విప్పి చూస్తే ఆ ఊరి వందేళ్ళూ అందులోనే ఉన్నాయి.

రుబ్బురోల్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. చెయ్యి పొత్రం మీద ఉంటుంది కాబట్టి అది తప్పదు. మోటారు పెట్టేటప్పుడు కూడా పొత్రాన్నే తిప్పాలని ఎవరికైనా తోస్తుంది. కానీ పైనుంచి బరువు వేలాడదీసి తిప్పితే ఊగుతుంది, పిండి చిమ్ముతుంది, చెయ్యి పెట్టి పిండి తోసే వీలుండదు. ఇక్కడివాళ్ళు తిరగేశారు. రోలునే తిప్పి, పొత్రాన్ని ఓ కమ్మీకి కట్టి నిలబెట్టారు. రోలు తిరుగుతుంటే ఆ ఒరిపిడికి పొత్రం ఉన్నచోటే తన చుట్టూ తాను తిరుగుతుంది. 1955లో పి. సభాపతి అనే ఆయన చేశారని చెబుతారు.

ఆయనకి అది తట్టడం ఒక ఎత్తు. చేసి అమ్మగలగడం వేరే ఎత్తు. దానికి పోత ఇనుము కావాలి, మోటారు కావాలి, బెల్టూ పుల్లీ తెలిసిన చేతులు కావాలి. ఆ మూడూ ఈ ఊళ్ళో అప్పటికే ఉన్నాయి, అదీ నూలు మిల్లుల పుణ్యాన.

1888లో రాబర్ట్ స్టేన్స్ ఇక్కడ నూలు మిల్లు పెట్టాడు. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. అవినాశి రోడ్డులో ఆ పేరుతో స్టాపు ఇప్పటికీ ఉంది, ఆ ఆవరణలో ఇప్పుడు కాఫీలూ కేకులూ అమ్ముతున్నారు, ధరలు చూసి బయటికొచ్చేశాం. మిల్లు యంత్రాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. గేరు పన్ను విరిగితే ఓడ వచ్చేదాకా మిల్లు ఆపుకుని కూర్చోలేరుగా, అందుకని పక్కనే పోత కొలుములు వెలిశాయి. 1932లో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు వచ్చింది. బొగ్గు ఖర్చు తగ్గి మిల్లులు వరసగా లేచాయి, చుట్టుపక్కల మెట్ట పొలాల్లోని లోతు బావులకి కరెంటు పంపులు అడగడం మొదలైంది. పంపుకి మోటారు కావాలి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఆ మోటారు ఇక్కడే తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్నే చెప్పుకుంటారు.

జి.డి. నాయుడు ప్రదర్శనశాల అవినాశి రోడ్డులోనే. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మనిషి. బ్యాటరీలతో నడిచే గడ్డం రేజరు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాం. సెల్లుతో తిరిగే మోటారుని గుప్పిట్లో పట్టేలా కుదించడం ఎంత కష్టమో వైండింగ్ చుట్టినవాడికే తెలుస్తుంది. తీగ వెంట్రుకంత సన్నం, లాగితే తెగుతుంది, వదులు చేస్తే గాడిలో పట్టదు.

ఇక ఆవారంపాళయం. ఇక్కడ ఏ ఒక్కరూ మోటారు మొత్తం చెయ్యరు. ఒక షెడ్డులో స్టాంపింగులు కొడతారు, పక్క సందులో తీగ చుడతారు, ఇంకోచోట షాఫ్టు తరుగుతారు. జాబ్ వర్క్ అంటారు. సామాను మోపెడ్ల మీద షెడ్డు నుంచి షెడ్డుకి తిరుగుతుంటుంది. స్టాంపింగు అర మిల్లీమీటరు మందం రేకు. మోటారు లోపలి దిమ్మ మొత్తం ఒకే ఇనుముతో చేస్తే లోపల సుడి ప్రవాహాలు (ఇనుములోనే సుళ్ళు తిరిగే కరెంటు) పుట్టి వేడెక్కుతుంది కాబట్టి రేకులు పేర్చి చేస్తారు. రేకు కొట్టే అచ్చు, అంటే డై, మొండిబారితే రేకు అంచున గరుకు లేస్తుంది, పక్కపక్క రేకులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ మోటారు ఖాళీగా తిప్పినా చెయ్యి కాలుతుంది. వైండింగ్ మార్చి మార్చి విసిగిపోతాం గానీ జబ్బు తీగలో లేదు, రేకులో ఉంది.

తీగ చుట్టిన స్టేటరుని (మోటారులో తిరగని భాగాన్ని) ముందు పొయ్యిలో పెట్టి తేమ తీసి, వార్నీషులో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, కారనిచ్చి, మళ్ళీ గంటల తరబడి కాలుస్తారు. తొందరపడి తేమ తియ్యకుండా ముంచితే అది లోపలే ఉండిపోతుంది. మొదటి వానాకాలంలోనే బాడీకి షాకు కొడుతుంది.

రాగి, అల్యూమినియం గొడవ కూడా ఇక్కడే అర్థమైంది. ఒకే మందం తీగల్లో కరెంటుని పోనిచ్చే గుణం అల్యూమినియానికి రాగిలో నూటికి అరవై పాళ్ళే. సరిపెట్టాలంటే లావు తీగ వాడాలి, గాడిలో అంత చోటుండదు. సన్నదే వేసి ఊరుకుంటారు. నడుస్తుంది, కాకపోతే వేడి మీద నడుస్తుంది. అతుకుల దగ్గర పొర కట్టి వదులవుతుంది. డబ్బా మీద ఏం రాశారన్నది వదిలెయ్యండి, తీగ కొసన ఎనామిల్ పూత గీకి చూడండి. తెల్లగా మెరిస్తే బేరం ఆపండి. గాంధీపురంలో ఓ షోరూములో గీకి చూస్తామంటే కుర్రాడు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు. అక్కడ ధర ఆరువేల ఐదొందలు. హైదరాబాదులోనూ అంతే.

గ్రైండరు కొన్నది ఓ షెడ్డులో, అరవై దాటిన పెద్దాయన దగ్గర. మేం తెలుగులో గొణుక్కుంటుంటే విని, ‘రండి, కూర్చోండి, మా ఇంట్లోనూ తెలుగే’ అన్నారు. ఇక్కడి నాయుళ్ళలో ఇంటి భాష తెలుగైనవాళ్ళు చాలామంది. మాట్లాడతారు గానీ చదవడం, రాయడం అరవంలోనే. మేం పొత్రం అంటే ఆయన కుళవి అంటారు. ‘ఒకటేలెండి, పని చేసేది రాయి’ అని నవ్వారు.

రాయి బిగించడం ఆయన చేతుల్లోనే చూశాం. స్టీలు డ్రమ్ములో అడుగు రాయి పెట్టి చుట్టూ అతుకు పోస్తారు. రాయి ఒక పక్కకి వాలితే డ్రమ్ము తిరిగేటప్పుడు పొత్రం ఎగిరెగిరి పడుతుంది, ఓ వైపు పలుకు మిగులుతుంది. మట్టం సరిచూడ్డానికి ఆయన పనిముట్టేదీ వాడలేదు. తిరుగుతున్న రాయి అంచుకి సుద్దముక్క ఆనించారు. సుద్ద ఓ చోటే అంటింది. అటువైపు చెక్కతో రెండు దెబ్బలు, మళ్ళీ సుద్ద. మూడోసారికి గీత చుట్టూ వచ్చింది.

పొత్రాలు గరాటు ఆకారంలో ఎందుకుంటాయని అడిగాం. డ్రమ్ము అంచున వేగం ఎక్కువ, నడిమిన తక్కువ. అంచు వైపు లావుగా, నడిమి వైపు సన్నగా ఉంటేనే పొత్రం సాఫీగా దొర్లుతుంది. అయితే పూర్తిగా దొర్లినా లాభం లేదు. పప్పు చితుకుతుందే గానీ రుబ్బుకోదు. కాస్త జారాలి. రాయి మీద సన్నగంట్లు అందుకే. గంట్లు అరిగి రాయి నున్నబడితే ఇరవై ఐదు నిమిషాల్లో అయ్యే మినప్పప్పు నలభై ఐదు తీసుకుంటుంది, పిండి వేడెక్కుతుంది, ఇడ్లీ పొంగదు. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగినా డ్రమ్ముని 150 లోపే ఉంచేది ఆ వేడి భయంతోనే. చిన్న పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి బెల్టు, అంతే.

మనకీ వాళ్ళకీ తేడా ఇక్కడే. వాళ్ళు నాలుగు పాళ్ళ ఇడ్లీ బియ్యానికి ఒక పాలు మినప్పప్పు వేస్తారు, రెండూ గ్రైండర్లోనే. మనం మినప్పప్పు మాత్రమే రుబ్బి ఇడ్లీ రవ్వ కలుపుతాం. రాయిని అరగదీసేది బియ్యం. ‘మీ దగ్గర చాలా ఏళ్ళకి గానీ మళ్ళీ గంట్లు కొట్టించే పని పడదు. మీవాళ్ళ రిపేర్లన్నీ నీళ్ళవే’ అన్నారు పెద్దాయన. నిజమే. మనం పప్పు జారుగా రావాలని నీళ్ళు ఒక్కసారే పోస్తాం. నీళ్ళు నడిమి గొట్టం దాటి, ఇరుసు తిరిగే బుష్షులోకి దిగుతాయి, తుప్పు పడుతుంది, పిండిలో నల్ల చారలు. కొనేముందు డ్రమ్ములో నీళ్ళు పోసి, కింద కాగితం పరిచి అరగంట ఆగమన్నారు. ఆగాం. ఆయన ఫిల్టరు కాఫీ తెప్పించారు. కాగితం తడవలేదు.

ఇంకో రెండు మాటలు చెప్పారు. మోటారు గుర్రుమని డ్రమ్ము తిరక్కపోతే ముందు పొత్రాన్ని నొక్కే పైనున్న స్ప్రింగు బిగుతు తగ్గించాలట, తర్వాతే మోటారుని కదిలించే కెపాసిటరు మార్చాలట. రబ్బరు కాలిన వాసనొస్తే బెల్టు వదులయినట్టు. మన మెకానిక్కులు ముందే వైండింగ్ పోయిందంటారు.

ధర ఆరు వేలు. తగ్గలేదు. మిగిలిన ఐదొందలూ రైలు టికెట్లో ఓ మూలకి కూడా రావు. రాళ్ళు వేరుగా గోనెపట్టాలో చుట్టి, డబ్బా మీద మార్కరుతో అరవంలో ఏదో రాసిచ్చారు. పార్సిలు వాళ్ళకేమో అనుకున్నాం.

తిరుగు శబరిలో, తిరుప్పూరు దాటాక, ఎదురు బెర్తాయనకి కుతూహలం ఆగలేదు. డబ్బా తన వైపు తిప్పుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు: ‘ముదల్లో ఉప్పు, నూగలు పోసి రుప్పండి. ఆ పిండి తినగండి.’

‘ఇదేం తమిళమండీ, ఒక్క ముక్క అర్థం కాలేదు’ అన్నాడు.