రబ్బరు స్టాంపులో ఐ ముందా, ఈ ముందా

మా ఆఫీసు టేబుల్ మీద ఒక రబ్బరు స్టాంపు ఉండేది. కడప వైవీ స్ట్రీట్ దగ్గర పైపులు, మోటార్ల ఏజెన్సీలో పని నాది. లారీలో సరుకు దిగినప్పుడల్లా చలానా మీద ఆ స్టాంపు ఠపీమని కొట్టి కింద సంతకం పెట్టాల. రెండేండ్లు కొట్టినా. పోయిన్నెల ఆడిట్ కు వచ్చిన పిల్లోడు, ఇంగా సీఏ చదువుతాండాడు, ఫైలు తిప్పుతా తిప్పుతా ఆగి "అన్నా, రిసీవ్డ్ స్పెల్లింగ్ ఇట్ల కాదు గదన్నా" అన్యాడు. చూస్తే ఆర్ ఈ సీ ఐ ఈ వీ ఈ డీ. సీ పక్కన ఈ రావల్సిన చోట ఐ కూచోనుండాది. స్టాంపు చేసినోడిని తిడదామా అంటే చీటీ మీద రాసిచ్చింది నేనే.

ఆ రోజు రాత్రి ఊరికే కూచోబుద్ధి కాక ఈ రిసీవ్ అనే మాట వెంటబడినా. స్కూల్లో మనందరికీ ఒక పాట నేర్పిస్తారు కదా, ఐ బిఫోర్ ఈ ఎక్సెప్ట్ ఆఫ్టర్ సీ అని. బిలీవ్ లో ఐ ముందు, రిసీవ్ లో సీ ఉంది కాబట్టి ఈ ముందు. బాగానే ఉంది, మరి సైన్స్ లో సీ తర్వాత ఐ ముందే వచ్చె, సీజ్ లో సీ అక్షరమే లేకపోయినా ఈ ముందొచ్చె, ప్రోటీన్, వియర్డ్ కూడా అదే కథ. సీ తర్వాత 'ఈ' అని దీర్ఘం పలికినప్పుడు, అంటే రిసీవ్, డిసీవ్, సీలింగ్, రిసీట్, వీటిల్లో మాత్రం ఆ పాట బాగా పనిచేస్తుంది, అయినా స్పీసీస్ అని ఒకటి అక్కడ కూడా ఎదురు తిరుగుతుంది. మన ఒత్తుల్ని, దీర్ఘాల్ని ఆడిపోసుకునేవాళ్లు ఒకసారి ఇంగ్లీషు స్పెల్లింగు జోలికి పోయి రావాల.

అసలు ఈ తలనొప్పి చాలామటుకు 1066లో నార్మన్లు ఇంగ్లండ్ గెల్చుకున్నప్పటి నుంచి వచ్చింది. వాళ్లు మాట్లాడిన ఫ్రెంచిలో ఈ మాట 'రెసెయ్వ్ర' లాంటిదేదో, ఆ 'ఎయ్' శబ్దానికి రాసిన ఈ, ఐ జంటే ఇప్పటికీ స్పెల్లింగులో అట్లే ఉండిపోయింది, పలుకు మాత్రం వందల ఏండ్లలో మారి 'ఈ' అయింది. బిలీవ్ ఏమో ఇంగ్లీషోళ్ల సొంత పాత మాట, దాని దారి వేరు. వేర్వేరు ఇండ్ల నుంచి వచ్చిన మాటల్ని ఒకే పాటలో కట్టేస్తే తోడికోడండ్ల మాదిరి కొట్లాడక ఏం చేస్తాయి.

ఇంకా వెనక్కి పోతే లాటిన్. 'రె' అంటే వెనక్కి, తిరిగి. 'కపెరె' అంటే పట్టుకోవడం, తీసుకోవడం. రెండూ కలిసి 'రెకిపెరె', అదే మన రిసీవ్ కు మూలం. ఈ కపెరె సంతానం చూస్తే కండ్లు తిరుగుతాయి: యాక్సెప్ట్, ఎక్సెప్ట్, డిసీవ్, క్యాప్చర్, చివరికి మన పిల్లోళ్లు క్రికెట్లో అరిచే క్యాచ్ కూడా. రెసిపీ కూడా దీని బిడ్డే. లాటిన్లో 'రెకిపె' అంటే 'తీసుకో' అని ఆజ్ఞ, యూరప్ వైద్యులు మందుచీటీ మొదట్లో ఆ మాటే రాసేవాళ్లు. ఇప్పటికీ డాక్టరు చీటీ పైన ఆర్ కాలికి అడ్డగీత గీసి ఉంటుందే, అది ఆ 'తీసుకో' కు పొట్టిరూపం. ఒకప్పుడు ఇంగ్లీషు వంట పుస్తకాల్లో కూడా రెసిపీ అనకుండా రిసీట్ అనేవాళ్లు, ఆ లెక్కన ఉగ్గాని చేసే విధానం కూడా రిసీటే.

ఈ రిసీట్ దగ్గర ఇంగో తమాషా. పలకని ఆ పీ ఎందుకుంది? ఫ్రెంచి నుంచి వచ్చేటప్పుడు లేదు. తర్వాత లాటిన్ వచ్చిన పండితులు, మూలంలో పీ ఉంది కదా అని తెచ్చి దూర్చినారు. డెట్, డౌట్ లో బీ కూడా ఇట్లే దూరింది. కొన్నాళ్లు డిసీట్ కు, కన్సీట్ కు కూడా పీ తగిలించి రాసినారంట, అవి నిలబడలేదు, రిసీట్ ఒక్కటే ఇరుక్కుపోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నేను ఇన్నేండ్లూ ఏమనుకున్నానంటే, మన రసీదు అంటే రిసీట్ నే మనోళ్లు తెలుగు చేసుకున్నారని. రెండూ ఒకే మాదిరి వినపడతాయి, పని కూడా ఒకటే. కానీ రెండిటికీ ఏ చుట్టరికమూ లేదబ్బా! రసీదు పారసీ మాట. పారసీలో 'రసీదన్' అంటే చేరుకోవడం, 'రసీద్' అంటే 'చేరింది'. అంతే, ఆ క్రియే కాగితం పేరైపోయింది. వసూలు సంగతి కూడా అట్లాంటిదే, అది అరబ్బీ, అక్కడ 'వుసూల్' అంటే చేరడం. జమ, ఖర్చు, బాకీ, కిస్తు, జమాబందీ, ఇవన్నీ ఆ బాపతే. మన దగ్గర వీటికేం ఆశ్చర్యం లేదులే, కడపను నవాబులు ఏలినారు, దస్త్రాలు పారసీలో నడిచినాయి, 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాక కూడా కచేరీ మాటలు అట్లే ఉండిపోయినాయి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ ఇట్లాంటి మాటలకే వేరుగా ఒక నిఘంటువు చేసి 1854లో అచ్చేయించినాడు. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లె చోటే ఇప్పటి బ్రౌన్ లైబ్రరీ, మా ఆఫీసు నుంచి బండి మీద పోయేంత దూరమే, ఇన్నేండ్లలో నేను లోపలికి పోయింది రెండుసార్లు.

మా జేజినాయన పెట్టెలో పాత ప్రోనోట్లు కొన్ని ఉండాయి. వెనకవైపు చెల్లు రాసిన చోట "రొక్కం ముట్టినది" అని ఉంటుంది, పక్కన వేలిముద్ర, సిరా కొంచెం అలుక్కుపోయి. ముట్టినది! చూడండి, పారసీవాడు 'చేరింది' అన్యాడు, మనం 'ముట్టింది, అందింది' అంటాం, డబ్బే నడిచొచ్చి మనిషిని తాకుతుంది. ఇంగ్లీషులో మాత్రం మనిషి చెయ్యి చాపి పట్టుకోవాల. ఐ రిసీవ్డ్ ది లెటర్ అంటే నేను కర్త. ఉత్తరం నాకు అందింది అంటే ఉత్తరమే కర్త, నేను ఊరికే ఇంట్లో కూచోనుండా. అందుకేనేమో మనం రిసీవ్ ను ఉన్నదున్నట్టు వాడుకోలేక 'రిసీవ్ చేసుకో' అని తోక తగిలించి, అది కూడా ఎక్కువగా మనుషులకే వాడతాం. బస్టాండుకు పోయి బావను రిసీవ్ చేసుకో అంటాం గానీ పార్సిల్ అయితే 'వచ్చిందా' అంటాం. పెండ్లిలో ఎదురుకోలు అని మనకు సొంత మాట ఉన్నా రిసెప్షన్ ఎట్లా వచ్చేసిందో, దాంట్లో పెండ్లికొడుకూ పెండ్లికూతురూ కుర్చీల్లో నుంచి లేసేదే ఉండదు.

కొత్త స్టాంపు చేయిద్దామని మొన్న పోయినా. ఈసారి తెలుగులో "సరుకు ముట్టినది" అని కొట్టిద్దామని ఆశ పుట్టింది, ఓనరుకు చెప్తే "కంపెనీవాళ్లకు తెలుగు యాడొస్తాదిరా, పనిజూడు" అన్యాడు. సరేలే అని ఇంగ్లీషులోనే, సీ తర్వాత ఈ, దాని తర్వాత ఐ, రెండుసార్లు చదివి చీటీ ఇచ్చినా. పాతది ఇంటికి తెచ్చినా. మా పాప దాన్ని ఇంక్ ప్యాడ్ తో సహా పట్టుకోని రఫ్ నోటులో ఎనిమిది పేజీలు కొట్టింది, పేజీకి పన్నెండు, అన్నీ తప్పు స్పెల్లింగే.