ట్రీట్‌మెంట్ అయిపోయింది, నీరసం అయిపోలేదు

"ట్రీట్‌మెంట్ అయిపోయిందిగా, ఇంకా నీరసమేంటి?" అని అడగనివాళ్లు లేరు. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. కానీ జవాబు చెప్పడానికైనా ఓపిక ఉండాలి కదా, అదే లేదు కాబట్టి నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు కాస్త తేరుకున్నాను, కూర్చుని రాయగలుగుతున్నాను. అందుకే ఒకేసారి అందరికీ కలిపి రాసేస్తున్నా. ముఖ్యంగా నాలాగే నోటి క్యాన్సర్ వైద్యం ముగించుకుని, స్కాన్ బాగుందని డాక్టర్ చెప్పాక కూడా మంచం దిగలేక, లోపం తమలోనే ఉందేమో అనుకుంటున్నవాళ్ల కోసం.

నా సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. నాలుక పక్కన మానని పుండు, బయాప్సీ, సర్జరీ, మెడలో లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు, తర్వాత రేడియేషన్, దానితోపాటు కీమో. రేడియేషన్ అంటే మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు. చివరి రోజున అక్కడున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు, నేనూ గట్టెక్కాననే అనుకున్నా. ఆ తర్వాతి రోజులే అన్నిటికంటే దారుణంగా గడిచాయి. రేడియేషన్ ఆపేసినా దాని ప్రభావం ఇంకో వారం రెండు వారాలు పెరుగుతూనే ఉంటుందట, నోట్లో పుండ్లు, నొప్పి, నీరసం అన్నీ చాలామందికి అప్పుడే ఎక్కువవుతాయట. ఈ ముక్క ముందే తెలిసుంటే అంత భయపడేదాన్ని కాదు.

మామూలు అలసట పని చేస్తే వస్తుంది, నిద్రపోతే పోతుంది. ఇది ఏ పనీ చెయ్యకపోయినా వస్తుంది, రాత్రంతా పడుకుని లేచినా పోదు. స్నానం చేసి తల తుడుచుకునేసరికి మళ్లీ నడుం వాల్చాలి. ఒక పేజీ చదివితే పైన ఏముందో గుర్తుండదు, మాట మధ్యలో మాట జారిపోతుంది. డాక్టర్లు కూడా దీన్ని విడిగానే చూస్తారు, 0 నుంచి 10 లోపు ఈ వారం ఎంత ఉందో చెప్పమంటారు. చాలామందికి కొన్ని నెలల్లో మెల్లగా తగ్గుతుంది, కొందరికి ఏడాది దాటినా వెంటే ఉంటుంది. దీనికీ బద్ధకానికీ సంబంధం లేదు. "విల్ పవర్ ఉండాలమ్మా" అనేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎంత పడుకున్నా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే ఉండేది. చిల్లు ఒక్కటే ఉంటుందనుకోవద్దు, మా నోటి క్యాన్సర్ వాళ్లకి చాలా ఉంటాయి, అందులో కొన్ని పూడ్చగలిగేవే. అన్నిటినీ కలిపి నీరసం అని ఒకే పేరు పెట్టేసి "ఇంతేలే, క్యాన్సర్ కదా" అనుకుంటే ఆ పూడ్చగలిగేవి కూడా అలాగే ఉండిపోతాయి.

వాటిలో పెద్దది థైరాయిడ్. మెడ మీద రేడియేషన్ పడినవాళ్లలో ఆ గ్రంథి మందగించడం చాలా మామూలు, అదీ వెంటనే కాదు, నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. అప్పుడు వచ్చేవి ఏంటంటే నీరసం, చలి, మలబద్ధకం, బుర్ర మొద్దుబారినట్టుండటం. అంటే ఉన్న నీరసంలో కలిసిపోయి కనపడకుండా పోయేవే అన్నీ! అందుకే 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోమంటారు. నా పరీక్షలో తేడా కనిపించింది, పొద్దున్నే పరగడుపున వేసుకునే ఒక చిన్న మాత్ర రాశారు. కొన్ని వారాలకి నీరసం మొత్తం పోలేదు గానీ, మధ్యాహ్నానికే చీకటి పడినట్టు అనిపించడం పోయింది. ఆ పరీక్ష ఎప్పుడు చేశారో మీకు గుర్తు లేకపోతే వచ్చే విజిట్‌లో అడగండి. హిమోగ్లోబిన్ కూడా చూడమనండి, కీమో పడినవాళ్లకి రక్తం తగ్గడం మామూలే.

ఇక తిండి. నోటితో తినడం ఇంత పెద్ద పని అని ఎవరనుకుంటారు! నాలుకలో ముక్క తీసేశారు, లాలాజలం లేదు, రుచి లేదు, నోరు పూర్తిగా తెరుచుకోదు. ఏ పూటైనా అందరూ తిని లేచి చేతులు కడుక్కుని వెళ్లిపోయినా నేనింకా సగంలో ఉండేదాన్ని, ఆ తర్వాత తిన్న అలసటకి పడుకోవాలి. తక్కువ తింటే బరువు తగ్గుతాం, కండ కరుగుతుంది, కండ లేకపోతే నీరసం, నీరసమైతే తినబుద్ధి కాదు. ఇది ఎక్కడో ఒకచోట తెగాలి. నాకు డైటీషియన్ చెప్పిన మాట పనికొచ్చింది. ఎక్కువ తినక్కర్లేదు, తినే ప్రతి ముద్దలో బలం ఎక్కువుండాలి, కాబట్టి నీళ్లలాంటివి కాకుండా కొవ్వూ ప్రోటీనూ ఉన్నవి, మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమంది. వారానికోసారి బరువు చూసుకుని రాసిపెట్టమంది. తిండి ఎక్కించడానికి ట్యూబ్ పెట్టాల్సొస్తే అదేదో ఓడిపోయినట్టు ఏడవకండి. నాకూ పెట్టారు, కొన్నాళ్లకి తీసేశారు. ఆ ట్యూబ్ ఉండబట్టే కోలుకున్నాను.

నిద్ర పాడవడానికి కూడా సగం కారణం నోరే. రాత్రి నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువొస్తుంది, నీళ్లు తాగితే ఇంకో గంటకి బాత్రూమ్‌కి లేవాలి. పడుకునే ముందు నోట్లో రాసుకునే జెల్, మంచం పక్కన నీళ్ల సీసా, గదిలో గాలి పొడిబారకుండా చూసుకోవడం, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్. చిన్న చిన్నవే, కానీ వరసగా నాలుగు గంటలు నిద్ర పట్టిన రోజు మనిషినే మారిపోయినట్టుండేది. పగలు పడుకున్నా అరగంటకి అలారం పెట్టుకుంటాను, లేకపోతే రాత్రంతా ఫ్యానే చూస్తూ ఉండాలి.

భుజం సంగతి ఎవరూ చెప్పరు. మెడలో గ్రంథులు తీసేటప్పుడు భుజాన్ని ఎత్తే కండరానికి వెళ్లే నరం కదిలినా, కొంచెం దెబ్బతిన్నా, చెయ్యి పైకెత్తడం కష్టమవుతుంది, భుజం కిందకి లాగేస్తూ ఉంటుంది. తల దువ్వుకుంటే చాలు, అలసిపోయేదాన్ని. ఫిజియోథెరపీతో చాలావరకు సర్దుకుంది. నోరు తెరిచే వ్యాయామాలు మాత్రం విసుగొచ్చినా మానకండి, దవడ ఒకసారి బిగుసుకున్నాక తెరవాలంటే చాలా కష్టం. (పన్ను తీయించుకోవాల్సొస్తే మాత్రం ముందు దవడకి రేడియేషన్ పడిందని డెంటిస్టుకి చెప్పి తీరాలి. అది నీరసం సంగతి కాదు గానీ, రాయకుండా ఉండలేకపోయాను.)

నడవమన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నిలబడలేనిదాన్ని నడవమంటారేంటి అని. కానీ ఈ నీరసానికి ఇప్పటిదాకా బాగా పనిచేస్తుందని తేలిన వాటిలో వ్యాయామమే ముందుంది. 2019లో అంతర్జాతీయ నిపుణులు కలిసి ఇచ్చిన సూచనల్లో వారానికి 3 సార్లు, ఒక్కోసారి అరగంట, కనీసం 12 వారాల పాటు ఓ మోస్తరు వ్యాయామం చేస్తే నీరసం తగ్గుతుందని ఉంది. మొదటి రోజే అరగంట ఎవరివల్లా కాదు. నేను గది ఈ చివర నుంచి ఆ చివరకి మొదలుపెట్టాను. ఇందులో అసలు ప్రమాదం బాగున్న రోజుతోనే. ఒంట్లో కొంచెం ఓపిక కనపడగానే పేరుకుపోయిన పనులన్నీ ఆ రోజే చేసేస్తాం, తర్వాత రెండు రోజులు లేవం. బాగున్న రోజున కూడా ఇంకా చెయ్యగలననిపిస్తుండగానే ఆపెయ్యడం నేర్చుకోవాలి, నాకైతే నడకకంటే అదే కష్టమైంది.

అయితే ప్రతిదాన్నీ నీరసం ఖాతాలో వేసెయ్యొద్దు. తగ్గుతున్నది ఉన్నట్టుండి పెరిగినా, జ్వరం, ఆయాసం, రక్తం కారడం, మెడలో కొత్త గడ్డ, రెండు మూడు వారాలైనా మానని పుండు, ఇలాంటివి ఏవి కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలి.

ఇక మనుషుల సంగతి. మిగతా జబ్బుల్లో లేని చిక్కు ఒకటి ఇందులో ఉంది. ఎవరి దగ్గరైనా ఓదార్పు దొరకాలంటే మాట్లాడాలి, లేదా కలిసి కూర్చుని తినాలి. మాకు దెబ్బ తగిలింది సరిగ్గా ఆ రెండిటికే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మరి మా నోరు బాగోలేదే! పది నిమిషాలు మాట్లాడితే నాలుక బరువెక్కి మాట ముద్దగా వస్తుంది, అవతలివాళ్లు "ఆఁ? ఏంటీ?" అంటారు, మళ్లీ చెప్పాలి. దాంతో ఫోన్లు ఎత్తడం మానేశాను. ఎత్తకపోతే పాపం విశ్రాంతి తీసుకుంటోందిలే అని వాళ్లూ చెయ్యడం మానేశారు. ఎవరి తప్పూ లేకుండానే ఒంటరినైపోయాను.

అందులోంచి బయటికి తెచ్చింది మాటలు కాదు. అక్క వచ్చి, ఏం చెయ్యమంటావని అడగకుండా, హాస్పిటల్ ఫైలు ముందేసుకుని రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టి, మందుల టైమింగ్స్ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించి వెళ్లింది. "ఏదైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ల కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే ఏం కావాలో ఆలోచించుకుని చెప్పడం కూడా పనే. ఒక స్నేహితురాలు సాయంత్రాలు వచ్చి నాతో నడిచేది, తనే మాట్లాడేది, నేను తలూపేదాన్ని. ఇంకొకతను రోజూ ఒక ఫొటో పంపేవాడు, దానికి జవాబివ్వక్కర్లేదని ముందే చెప్పాడు, ఆ మాటే నాకు చాలా తేలిగ్గా అనిపించింది. మీకు ఇలాంటివాళ్లు వాళ్లంతట వాళ్లు దొరక్కపోతే అడగండి, కానీ చిన్నగా, ఫలానా పని అని అడగండి. "గురువారం నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్లి, డాక్టర్ చెప్పేది నువ్వు రాసుకో" అంటే ఎవరూ కాదనరు. రాసి అడిగితే ఇంకా సుఖం.

నాలాంటివాళ్లని కలవడం ఇంకో మలుపు. స్పీచ్ థెరపిస్టుని అడిగితే ఒక పేషెంట్ల గ్రూపుకి పంపించింది. మీ దగ్గర లేకపోతే హాస్పిటల్లో సోషల్ వర్కర్‌నో నర్సునో అడగండి, వాళ్లకి తెలుస్తుంది. అక్కడ ఒక పెద్దాయన పలక మీద రాసి మాట్లాడేవారు, ఇంకొకావిడ మాట నాకంటే ముద్దగా ఉండేది, అయినా ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది, అర్థం కాకపోయినా ఎవరికీ తొందర లేదు. లాలాజలం గురించి అంత సీరియస్‌గా, మధ్యలో అంత నవ్వుకుంటూ గంటసేపు చర్చించే చోటు ఇంకెక్కడా దొరకదు. అలాగని గ్రూపులన్నీ మంచివనను. ఫలానా పొడి తింటే జబ్బు మళ్లీ రాదని ఊదరగొట్టేవాళ్లు ఉంటారు, ఒకరికి తిరగబెట్టిందని తెలిస్తే ఆ వారమంతా మనకి నిద్రుండదు. బరువనిపిస్తే కొన్నాళ్లు మానెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

"నీకు అలవాట్లేం లేవు కదా, ఎలా వచ్చింది?" అనే ప్రశ్న నన్నెంత విసిగించిందో, గ్రూపులో పొగాకు అలవాటున్న అబ్బాయిని "చేజేతులా తెచ్చుకున్నావు" అనే మాట అంతకంటే ఎక్కువ చంపింది. మానెయ్యాలి, నిజమే, వైద్యం తర్వాత కూడా కొనసాగిస్తే మళ్లీ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మానడానికి కూడా తోడు కావాలి, అది తిట్టేవాళ్ల దగ్గర దొరకదు.

దిగులు, నీరసం రెండూ ఒకేలా కనిపిస్తాయి. నడిచినా, మాత్రలు వేసుకున్నా, ఏ పనిలోనూ ఇష్టమనేది పుట్టకపోతే కౌన్సెలర్‌ని కలవండి. నేను కలిశాను. చనిపోతే బాగుండనిపిస్తే మాత్రం ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పండి, రాసైనా చెప్పండి. తల, మెడ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఈ ఆలోచనలు ఎక్కువని డాక్టర్లకి తెలుసు, విని ఆశ్చర్యపోరు. ఇక చెకప్ ముందు వారం టెన్షన్‌తో నీరసం రెట్టింపవుతుంది, మొదటి రెండేళ్లలో చెకప్‌లు తరచూ ఉంటాయి కాబట్టి అలాంటి వారాలూ ఎక్కువే. ఆ వారం నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వను.

చూసుకునేవాళ్లూ అలిసిపోతారు. మనోవిశ్లేషణ మొదలుపెట్టిన డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి 1923లో నోటి క్యాన్సర్ బయటపడింది, 1939లో పోయేదాకా 30కి పైగా ఆపరేషన్లయ్యాయి, అంగిట్లో పెట్టుడు పరికరంతో బతికాడు. ఆ 16 ఏళ్లూ దగ్గరుండి చూసుకున్నది కూతురు ఆనా. ఆవిడకి విశ్రాంతి ఎవరిచ్చారో నాకు తెలీదు గానీ, మా ఆయనకి మాత్రం ఆదివారాలు సెలవిచ్చేశాం. ఆ రోజు అక్కో, మా అమ్మాయో ఉంటారు, ఆయన ఎక్కడికెళ్లారని అడగను.

ఇప్పుడు ఉద్యోగంలో సగం రోజు పనిచేస్తున్నా. మీటింగుల్లో చెప్పాల్సింది ముందే టైప్ చేసి పంపిస్తా. మధ్యాహ్నం అరగంట పడుకుంటా, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. నాతో మాట్లాడాలనుకుంటే పొద్దున పూట ఫోన్ చెయ్యండి, అప్పుడు నాలుక మాట వింటుంది. సాయంత్రమైతే మెసేజ్ పెట్టండి.