స్టాటిన్ బదులు నేను మింగింది కూడా స్టాటినే

2019 సంక్రాంతికి వాకిట్లో ముగ్గు పెడుతుంటే మా కోడలు అడిగింది, "అత్తయ్యా, ఇటువైపు చుక్కలు ఇంత దగ్గర దగ్గరగా పడ్డాయేంటి?" అని. లేచి చూస్తే నిజమే. మొదలుపెట్టిన చోట విశాలంగా ఉన్న వరసలు చివరికొచ్చేసరికి కుచించుకుపోయాయి. అప్పటికే ఆరు నెలలుగా నా కుడి భుజం పట్టేసి ఉంది, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. జూలైలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే, ఆయన నన్ను అటూ ఇటూ నడిపించి, బొటనవేలికి చూపుడువేలు తట్టించి చూసి, పార్కిన్సన్స్ అని చెప్పారు, కదలికలు నెమ్మదించి, కుచించుకుపోయే నరాల జబ్బు. నాకప్పుడు 56 ఏళ్లు. భుజం అలా పట్టేయడం కొందరిలో ఈ జబ్బుకు తొలి గుర్తట, అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

పార్కిన్సన్స్‌తో నా సంసారం గురించి రాయాలంటే చాలా ఉంది. ఇప్పుడు రాయాలనుకున్నది మాత్రం కొలెస్ట్రాల్ మందు మానేసి నేను పడ్డ పాట్ల గురించి.

2021లో రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 వచ్చింది. మా నాన్నగారు 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ మాట చెప్పగానే ఫిజీషియన్ అటోర్వాస్టాటిన్ 20 రాశారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందుల్లో ఒకటి. రెండు నెలలు గడిచేసరికి రెండు తొడలూ బరువెక్కి, లోపల్నించి సలపడం మొదలైంది. పీట మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తేగానీ లేవలేకపోయేదాన్ని. మాలాంటి వాళ్లకు కుర్చీలోంచి లేవడం మామూలుగానే కష్టం కాబట్టి, ఇది జబ్బు ముదరడమా, మందు పనా అన్నది తేల్చుకోలేకపోయాను. దానికి తోడు తెల్లవారుజామున నాలుగింటికి కుడికాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, పాదమంతా మెలితిప్పినట్టు నొప్పి. భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా స్టాటిన్ మానేశాను. డాక్టరుగారికి కూడా చెప్పలేదు, అది నా తప్పే.

మూడు వారాల్లో తొడలు తేలికపడ్డాయి. కాలివేళ్ల మెలి మాత్రం అలాగే ఉంది. రెండు నొప్పులకూ రెండు కారణాలున్నాయని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఆ ఏడాది చివర్లో మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తూ ఒక సీసా తెచ్చింది. "వదినా, ఇది మందు కాదు, బియ్యమే. అక్కడ మా స్నేహితులు చాలామంది స్టాటిన్ మానేసి ఇదే వాడుతున్నారు" అంది. రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూళ్లు. ప్రేమతో తెచ్చింది, నేనూ ప్రేమగానే పుచ్చుకున్నాను. మన దంపుడు ఎర్రబియ్యం లాంటిదే అనుకున్నాను. నిజానికి అది వేరు. తెల్లబియ్యాన్ని మొనాస్కస్ అనే ఒక రకం బూజుతో పులియబెడితే ముదురు ఎరుపు రంగు వస్తుంది. చైనాలో వంటల్లో రంగుకీ, నాటు వైద్యంలోనూ ఎప్పట్నించో వాడుతున్నారు.

అయిదు వారాలకు తొడల నొప్పి తిరిగొచ్చింది. ఆ సీసా మీద నాకెంత నమ్మకమంటే, ఈసారి తప్పంతా పార్కిన్సన్స్ మీదే వేశాను. రాత్రిళ్లు పడుకుని, ఇంక మంచం పట్టేస్తానేమో, వీళ్లకి భారమైపోతానేమో అని ఒకటే టెన్షన్. మా అబ్బాయి చూడలేక నన్ను ఇంకో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ థైరాయిడ్, విటమిన్ డీ, సీకే పరీక్షలు రాశారు. సీకే అంటే కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైము. నాది 640. ఆ ల్యాబు కాగితం మీద ఆడవాళ్లకు 170 లోపు ఉండాలని రాసి ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది, విటమిన్ డీ తక్కువగా ఉంది.

"ఏమేం వాడుతున్నారమ్మా, అన్నీ చెప్పండి, కషాయాలు కూడా" అన్నారావిడ. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పారు. ఆ రెడ్ ఈస్ట్ రైస్‌లో మొనాకోలిన్-కె అనే పదార్థం ఉంటుంది. అదీ, లోవాస్టాటిన్ అనే మందూ ఒకటే అణువు. లోవాస్టాటిన్‌కి అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది, అదీ బూజు నుంచి తీసిందే. అసలు మొదటి స్టాటిన్‌ని 1970లలో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త కనిపెట్టిందీ బూజులోనే. అంటే ఆ మొదటి స్టాటిన్లు కూడా సహజమైనవే. మాత్రలో ఎంత ఉందో కచ్చితంగా తెలుస్తుంది, సీసాలో తెలియదు. ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కొన్నింట్లో మూత్రపిండాలను పాడుచేసే సిట్రినిన్ అనే విషం కూడా కలుస్తుంది. నేను స్టాటిన్ మానేశాననుకుని, కొలత తెలియని స్టాటిన్ మింగుతున్నానన్నమాట.

ఇంటికొచ్చాక ఇంకో డబ్బా గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. మా పెదనాన్నగారి కొడుకు ఇచ్చిన దూలగొండి గింజల పొడి, వణుకు తగ్గుతుందని. ఆ గింజల్లో సహజంగానే లివోడోపా ఉంటుంది, పార్కిన్సన్స్‌కి నేను రోజూ వేసుకునే సిండోపా మాత్రలో ఉండే మందే. రెండూ కలిపి తీసుకుని ఉంటే డోసు పెరిగిపోయి, వాంతులో, ఒళ్లు దానంతటది మెలికలు తిరగడమో జరిగేది. అదృష్టవశాత్తు మూత తియ్యలేదు.

ఆ ఫిజీషియన్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు మనసులో ఉన్నవన్నీ అడిగాను. స్టాటిన్ పార్కిన్సన్స్‌ని ఆపుతుందని కొందరు, తెచ్చిపెడుతుందని కొందరు అంటున్నారే, ఏది నిజం అని. బ్రిటన్‌లో 235 మంది పార్కిన్సన్స్ రోగుల మీద రెండేళ్లు సిమ్వాస్టాటిన్ పరీక్షించారనీ, 2022లో ఫలితాలొచ్చాయనీ, జబ్బు ఏమీ నెమ్మదించలేదనీ చెప్పారు. గుండె కోసం కావాలంటే వాడుకోవాలి, పార్కిన్సన్స్ కోసం కాదు. పార్కిన్సన్స్‌కి మంచిదని కొందరు వాడే కోక్యూ10 అనే సప్లిమెంటు కూడా అంతే. రోజుకు 2400 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూసినా లాభం లేదని 2014లో తేలిందట. ఆ డబ్బు మిగిలింది.

ఇంకో మాట కూడా అన్నారు, స్టాటిన్ మానేసిన వాళ్లందరూ వినాల్సింది. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి లండన్‌లో ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తి మాత్ర, ఒక నెల ఏమీ ఇవ్వకుండా మార్చి మార్చి చూశారట. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చాయి. నా విషయంలో సీకే సాక్ష్యం ఉంది, అందరికీ అలా ఉండదు. పరీక్ష చేయించకుండా నాలాగా గుట్టుగా మానెయ్యకండి.

మూడు నెలలు తిండితో ప్రయత్నిద్దాం, సీకే మామూలుకి రానిద్దాం అన్నారు. నేను ఉత్సాహం కొద్దీ అతి చేశాను. ఉలవలు కొవ్వు కరిగిస్తాయని పొద్దున్నే మొలకెత్తిన ఉలవలు, మీద పెసరట్టు, వాటితోపాటే సిండోపా మాత్ర. నెయ్యి పూర్తిగా బంద్, నూనె చెంచాలతో కొలిచి పోసేదాన్ని. నెల తిరిగేసరికి పదింటికల్లా ఆఫ్ అయిపోయి, అంటే మాత్ర పని చెయ్యడం ఆగిపోయి, గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కున్నట్టు నిలబడిపోయేదాన్ని. బరువు 58 నుంచి 53కి పడిపోయింది. పార్కిన్సన్స్‌లో బరువు తగ్గడమే ఒక సమస్య, కొలెస్ట్రాల్ పేరుతో నేను దాన్ని ఇంకా పెంచాను.

న్యూరాలజిస్టు తిండి వివరం వినగానే కారణం పట్టేశారు. పప్పులో, పెసరట్టులో ఉండే ప్రొటీను, లివోడోపా పేగులోంచి లోపలికి వెళ్లడానికి ఒకే దారిలో పోటీ పడతాయి. మాత్ర వెనకపడుతుంది. ఆరింటికి ఖాళీ కడుపున మాత్ర, ఏడింటికి టిఫిను, ఉలవలూ ముద్దపప్పూ రాత్రి భోజనంలోకి మార్చమన్నారు. వారంలో తేడా కనిపించింది. గడప దాటగలిగాను. ఆ రోజు వంటింట్లో ఎంతసేపు ఏడ్చానో.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఇసబ్గోల్. ఈ జబ్బులో పేగులు మందగిస్తాయి, నాలుగు రోజులకోసారి విరేచనమయ్యేది. ఆ పొట్టులోని కరిగే పీచు కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది, మలబద్ధకాన్నీ తీరుస్తుంది. సాయంత్రం ఏడున్నరకు రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేస్తాను. మాత్రలకు ముందూ వెనకా రెండు గంటల ఎడం పెట్టుకున్నాను. వేపుళ్లకు పామాయిల్ మానేసి తవుడు నూనె తెచ్చుకున్నాం, కొబ్బరి పచ్చడి వారానికి రెండుసార్లే. బరువు కోసం గుప్పెడు పల్లీలు, బాదంపప్పులు, ముద్దపప్పులోకి ఒక చెంచా నెయ్యి తిరిగొచ్చాయి. మెంతులు కూడా నానబెట్టి తిన్నాను, వాటివల్ల ఎంత తగ్గిందో చెప్పలేను.

మూడు నెలలకు ఎల్‌డీఎల్ 141. సీకే 120. తిండితో అంత తగ్గినందుకు సంతోషపడ్డాను, కానీ నాన్నగారి చరిత్ర చూస్తే అది చాలదన్నారు. ఎజెటిమైబ్ 10 రాశారు. అది స్టాటిన్ కాదు, పేగులో కొలెస్ట్రాల్ ఒంట్లోకి చేరకుండా అడ్డుకుంటుంది. మళ్లీ ఒక మాత్ర అని ముందు మనసు ముడుచుకుంది. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. ఇప్పుడు 112. తొడలు నొప్పి లేవు, పీట మీంచి నేనే లేస్తున్నాను.

పాదం మెలి పార్కిన్సన్స్‌దే. రాత్రి మందు ప్రభావం తగ్గిపోయాక వచ్చేది. పడుకునే ముందు నెమ్మదిగా పనిచేసే రకం సిండోపా ఇచ్చాక వారానికి ఒకటి రెండుసార్లు వస్తోంది. అలా వచ్చిన రోజు మా ఆయన లేచి, ఏమీ మాట్లాడకుండా, వేళ్లు విచ్చుకునేదాకా నా పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు.