బంగారు కాగితంలో మునిగిన మొక్క

సికింద్రాబాద్‌లో మా ఎదురింటి ఆంటీ ఏటా క్రిస్మస్‌కు కేకుతో పాటు ఎర్రటి పూల మొక్కలా కనిపించే ఒక పాయిన్‌సెట్టియా కుండీ కూడా ఇస్తారు. మొదటిసారి ఇచ్చినదాన్ని పదిహేను రోజుల్లో చంపేశాను. నిర్లక్ష్యంతో కాదు, భక్తితో. రోజూ స్నానం చేసి తులసికి నీళ్ళు పోశాక, చెంబులో మిగిలినవి దానికి పోసేదాన్ని.

వారం తిరిగేసరికి ఆకులు వేలాడిపోయాయి. దాహమేమోనని ఇంకో చెంబు పోశాను. కింది ఆకులు పసుపుపచ్చగా మారి, చెయ్యి తగిలితే చాలు రాలిపోసాగాయి. కుండీకి చుట్టిన బంగారు రంగు కాగితం ఊడదీస్తే ఏముంది, అడుగున అంగుళం లోతున నీళ్ళు, మురుగు వాసన! తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే పైపొర జారి, సన్నని దారం చేతిలో మిగిలింది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి నీళ్ళలో మునిగిన మొక్క కూడా దాహంతో ఉన్నదానిలాగే వాడుతుంది. నేను మోసపోయింది అక్కడే.

ఇది మెక్సికో కొండవాలుల్లో పెరిగే పొద. 1820లలో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ తమ దేశానికి పంపడంతో ఆయన పేరు స్థిరపడింది. వాలులో పెరిగేదానికి కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తే ఎలా? పైగా మనం పూలనుకునే ఆ ఎర్రటివి కూడా ఆకులే. అసలు పూలు నడిమధ్యన ఉండే పసుపు బుడిపెలు. ఆకులు రాలితే ఇక చూడటానికి మిగిలేవి పుల్లలే.

ఇప్పుడు కుండీ ఇంటికి రాగానే ముందు ఆ కాగితం తీసేస్తాను. నీళ్ళు పోసేముందు, బజారులో కొబ్బరికాయను చేత్తో తూచినట్టు కుండీని ఎత్తి చూస్తాను. బరువుగా ఉంటే దాని జోలికి వెళ్ళను. తేలిగ్గా ఉండి, పైమట్టి వేలికి పొడిగా తగిలితే, అడుగు చిల్లులోంచి కారేదాకా నిదానంగా పోస్తాను. పళ్ళెంలో చేరిన నీళ్ళు వెంటనే పారబోస్తాను. మా బాల్కనీలో చలికాలం ఇలా నాలుగైదు రోజులకోసారి పోయాల్సి వస్తోంది.

మరీ ఎండగట్టినా తంటాయే. కుండీలో ఉండేది ఎక్కువగా కొబ్బరి పొట్టు. పూర్తిగా ఎండిందంటే కుండీ అంచు నుంచి విడిపోతుంది, పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి కారిపోతాయి. అప్పుడు కుండీని అరగంట నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, తర్వాత బాగా ఓడ్చాలి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ, మా ఇంట్లో పనిచేసే ఆవిడకు మరీమరీ చెప్పాను, దీనికి మాత్రం నీళ్ళు పోయవద్దని. నాలుగో రోజు తిరిగొచ్చి చూస్తే పళ్ళెం నిండా నీళ్ళు.

"తల వాల్చేసిందమ్మా, పాపం. చూడలేక రెండు చెంబులు పోశాను" అంది.