తాగేవాళ్లకే కనబడే దేవుడు

బీరు పండగ రోజుల్లో మ్యూనిక్ వెళ్లకండి. మంచం పడితే చాలనుకునే గదికి కూడా నోటికొచ్చినంత చెప్పారు, ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఒక్క యూరో టికెట్ అని తెలిసి కోనిగ్స్‌ప్లాట్జ్‌లోని ప్రాచీన కళల మ్యూజియంకి బయల్దేరాం. “కుండలు చూడ్డానికా బావా ఇంత దూరం వచ్చింది?” అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు మా బావమరిది.

ఎక్సేకియాస్ అనే ప్రాచీన గ్రీకు కుమ్మరి చేసిన వైన్ గిన్నె ముందు ఇద్దరం ఆగిపోయాం. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్స్‌లో చేసింది, వెడల్పు 30 సెంటీమీటర్లు. లోపలంతా పగడం రంగు పూత. దాని మీద నల్లటి పడవ, తెల్లటి తెరచాప. పడవలో తీరిగ్గా పడుకున్నాడు డయొనైసస్, వైన్ దేవుడు. తెరచాప కొయ్యకి ద్రాక్షతీగ అల్లుకుని పైన ఏడు గుత్తులు వేలాడుతున్నాయి. చుట్టూ ఏడు డాల్ఫిన్లు. సముద్రం ఎక్కడో, ఆకాశం ఎక్కడో గీత లేదు.

గిన్నె నిండా వైన్ ఉంటే ఇదేదీ కనబడదు. తాగేకొద్దీ దేవుడు బయటపడతాడు. గిన్నె బయట ఒక్కో వైపు రెండేసి పెద్ద కళ్లు. ఎత్తి తాగుతుంటే ఎదుటివాడికి అవే మొహంలా కనిపిస్తాయి. దేవుడి బొమ్మకి ఎంగిలి తగలనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు మొదట ఒళ్లు జలదరించింది. కానీ వాళ్లకి వైన్ ఆ దేవుడిచ్చిందే. విందులో ముందు దేవతలకి కాస్త ధారపోసి, ఆ తర్వాతే తాగేవాళ్లు.

అసలు ఆశ్చర్యం వేరే. ఈ గిన్నె దొరికింది గ్రీసులో కాదు, ఇటలీలోని వుల్చిలో, రోమన్లకి ముందు అక్కడ వెలిగిన ఎట్రుస్కన్ల నేల మీద. డయొనైసస్‌ని ఎత్తుకుపోబోయి డాల్ఫిన్లయిపోయిన సముద్రపు దొంగల కథే ఈ బొమ్మ అని చాలామంది పండితుల మాట. ఆ కథ చెప్పే గ్రీకు స్తోత్రంలో ఆ దొంగలు తిర్రేనియన్లు, అంటే గ్రీకుల లెక్కలో ఎట్రుస్కన్లే!

“వాళ్లని దొంగలుగా గీసి వాళ్లకే అమ్మారా?” అన్నాడు బావమరిది, గొణుగుడు మానేసి.

ఏథెన్స్ కుమ్మరులకి ఆ మార్కెట్ బాగా తెలుసు. నికోస్థెనీస్ అయితే ఎట్రుస్కన్ల జాడీల ఆకారాన్నే తీసుకుని, గ్రీకు బొమ్మలు వేయించి తిరిగి అక్కడికే పంపాడు. కొన్నవాళ్లు ఈ కథకి నొచ్చుకున్నారని నేననుకోను. వాళ్లకీ ఫుఫ్లున్స్ అనే వైన్ దేవుడున్నాడు, డయొనైసస్‌నీ ఆయన్నీ ఒకటిగానే చూసేవాళ్లు. గిన్నె అడుగున వాళ్లు చూసుకున్నది ఆయన్నే అని నా గట్టి నమ్మకం.

మిగతా గదులు పరుగులోనే చూశాం. మీరు వెళ్తే ఆదివారం పొద్దున్నే వెళ్లండి, సోమవారం సెలవు.