సరస్సు మట్టిలో నేలనత్తల్ని ఏరడం: నా అనుభవం

ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగుమట్టి సంచుల్లో నా దగ్గరికొచ్చింది. తెల్లటి, సున్నం కలిసిన మెత్తటి మట్టి. అందులోంచి నేలనత్తల గుల్లలు ఏరి లెక్కపెట్టాలి. సరస్సులో నేలనత్తలేమిటని మొదట నాకూ అనిపించింది. గట్టు మీద బతికిన నత్తలు చచ్చాక వాటి గుల్లలు వాన నీళ్లకు కొట్టుకొచ్చి అడుగున చేరతాయి. సంఖ్యలో తక్కువే అయినా, ఆనాడు గట్టున గడ్డి ఉండేదా, చెట్లు ఉండేవా అన్నది వాటిని బట్టే తెలుస్తుంది.

మొదటి సంచి పాడుచేశాను. తొందరపడి తడిమట్టినే జల్లెడలో వేసి వేళ్లతో రుద్దాను. రెండు మిల్లీమీటర్ల గుల్లలు, ఎంత పలచనివో! చాలావరకు నలిగిపోయాయి. అన్ని వేల ఏళ్లు భద్రంగా ఉన్నవి నా చేతిలో పడి పోయాయని చాలా బాధేసింది.

రెండో సంచి మా మేడమ్ చెప్పినట్టు చేశాను. మట్టిని పూర్తిగా ఎండనిచ్చి, ఆ తర్వాతే నీళ్లలో వేశాను. ఎండిన గడ్డ బుడగలు వదులుతూ దానంతటదే విచ్చిపోయింది. లోపల గాలి ఉన్న గుల్లలు పైకి తేలాయి. వాటిని అర మిల్లీమీటరు జల్లెడలోకి మెల్లగా వంపుకున్నాను. అడుగున మిగిలినదీ కడిగి దాచాలి, మట్టి నిండిన గుల్లలు అందులోనే ఉంటాయి. శుభ్రపడతాయని యాసిడ్ మాత్రం తగలనివ్వకండి. గుల్లంతా కాల్షియం కార్బొనేటే, కరిగిపోతుంది.

ఏరడం మైక్రోస్కోప్ కింద, తడిపిన సన్నటి బ్రష్ కొసతో. విరిగిన వాటిలో మొన, అంటే చుట్లు మొదలయ్యే కొస, ఉన్న ముక్కనే ఒక నత్తగా లెక్కేయాలి, లేకపోతే ఒక్కటే రెండు మూడుసార్లు లెక్కలోకి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. నీటినత్త గైరాలస్, నేలనత్త వలోనియా రెండూ చిన్న బిళ్లల్లా ఉంటాయి. నేను అన్నిటినీ గైరాలస్ డబ్బాలోనే వేసేశాను. నేలనత్తలు తొమ్మిదే లెక్కకొచ్చాయి. మేడమ్ ఒక గుల్లను తిప్పి, "నోటి అంచు చూడమ్మా" అన్నారు. అంచు తెల్లగా, మందంగా, పెదవి బయటికి మడిచినట్టుంది. గైరాలస్‌కు అలా ఉండదు, అంచు పలచగా, పదునుగా ఆగిపోతుంది. అది కనిపించాక ఇంకేదీ నమ్మబుద్ధి కాలేదు. డబ్బా మొత్తం ట్రేలో పోసి మళ్లీ మొదలుపెట్టాను.

పిల్లనత్తలకు ఇంకా ఆ పెదవి రాదు, అక్కడ చాలా టెన్షన్ పడ్డాను. పక్కకి తిప్పి చూస్తే వలోనియా పైచుట్లు కొంచెం ఉబ్బి ఉంటాయి, గైరాలస్ పైభాగం గుంటపడినట్టుంటుంది. అలా నాలుగు రోజులు పట్టింది. నేలనత్తలు నలభై ఒకటి అయ్యాయి, ఎక్కువ వలోనియాలే. అవి చెట్ల నీడలో కాదు, ఆరుబయట గడ్డిలో బతికే నత్తలు. ఎటూ తేలని ఆరు పిల్లగుల్లల్ని విడిగా చిన్న గొట్టంలో ఉంచి, పైన ప్రశ్న గుర్తు రాశాను.